గూడు విప్పే చేతులు

పట్టుపురుగు పండే పూట షెడ్డులో పని తీరే మారిపోతుంది. అంతవరకూ ఆకు కోసుకురావడం, పరవడం, చెత్త తీయడం. అయిదో దశ చివరికి వచ్చేసరికి పురుగు మేత మానేస్తుంది. ఒళ్లు పచ్చబడి, లోపలి నుంచి వెలుతురు పడుతున్నట్టు కనిపిస్తుంది. తల పైకెత్తి అటూ ఇటూ ఊపుతూ ఆధారం వెతుక్కుంటుంది. ఆ గుర్తు పట్టి ఏరి, గూడు కట్టుకునే తట్ట అయిన చంద్రిక మీద వేయాలి. పండకముందే వేస్తే గూడు పలచగా వస్తుంది. ఆలస్యం చేస్తే ఆకు ఈనెల మధ్యే పట్టు వృథాగా పోసేస్తుంది. కుప్పం, రామకుప్పం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు పట్టు పెంచే ఇళ్లలో ఈ తీర్పు చెప్పేది కన్ను ఒక్కటే. దీనికి కొలత పరికరం ఏదీ లేదు.

ఆ గూడు మగ్గానికి చేరే దారి మనకు తెలుసు. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పడుగూ పేకా అయ్యి, చీరై, పెళ్లిళ్లకు వెళ్తుంది. అదే గూటికి ఇప్పుడు ఇంకో దారి ఏర్పడింది. ప్రయోగశాలలో దారం కరిగి నీరవుతుంది. ఆ నీటి నుంచి పొర, స్పంజి, మరమేకు, సన్నని వల తయారవుతాయి. అవి శరీరంలో పెట్టే వస్తువులు. ఆ దారికి తోడుగా పురుగు గుడ్డులోకి సూది దింపి జన్యువును మార్చే విద్య కూడా వచ్చింది. ఈ రెండు పనుల్లోనూ నన్ను కట్టిపడేసింది ఒకటే: ఎక్కడ చెయ్యి పెట్టాలో, ఎక్కడ తీసేయాలో తెలిసిన నేర్పు. షెడ్డులో పండిన పురుగును ఏరే చేతికి ఉన్నదీ అదే.

ముందు పురుగు పనితనం చూడాలి. అది తెలియకపోతే మనిషి పనితనం అర్థం కాదు.

గుడ్డు పగిలినప్పటి నుంచి పండేదాకా దాదాపు 25 రోజులు. ఆ వ్యవధిలో పురుగు నాలుగు జ్వరాలు, అంటే పాత చర్మం విడిచే దశలు, దాటుతుంది, బరువు సుమారు పదివేల రెట్లు పెరుగుతుంది. తినే ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా చివరి దశలోనే తింటుంది. ఆ ఆకంతా చేరేది ఒళ్లంతా మెలికలు తిరిగి ఉన్న రెండు పట్టు గ్రంథుల్లోకి. గ్రంథిలో మూడు భాగాలుంటాయి. వెనుక భాగం ఫైబ్రోయిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. అది దారానికి బలమిచ్చే అసలు సరుకు. నడిమి భాగం సెరిసిన్ అనే బంకను తయారుచేసి, ఫైబ్రోయిన్‌కు చుట్టూ పూసి, రెంటినీ నిల్వ ఉంచుతుంది. ముందు భాగం సన్నని నాళం. రెండు గ్రంథుల నాళాలు తల దగ్గర కలుస్తాయి కాబట్టి మనం ఒక పోగు అనుకునేది నిజానికి బంకతో అతుక్కున్న జంట పోగు.

ఈ గ్రంథి కణాల తీరు జీవశాస్త్రంలో నాకు ఎంతో ఇష్టమైన విషయాల్లో ఒకటి. పురుగు గుడ్డులో ఉండగానే గ్రంథిలో ఎన్ని కణాలుండాలో తేలిపోతుంది. ఆ తర్వాత అవి విడిపోవు, పెరగడమే. కణం విడిపోకుండానే లోపలి డీఎన్ఏ మళ్లీ మళ్లీ ప్రతి తీసుకుంటూ పోతుంది. చివరికి ఒక్కో కణంలో మామూలు కన్నా లక్షల రెట్లు డీఎన్ఏ పోగవుతుంది. ఇదంతా ఎందుకంటే నాలుగయిదు రోజుల్లో ఒకే ఒక్క ప్రోటీన్‌ను కుప్పలుగా తయారుచేయాలి. 1972లో అమెరికాలోని బాల్టిమోర్‌లో యోషియాకి సుజుకి, డొనాల్డ్ బ్రౌన్ ఈ గ్రంథి నుంచే ఫైబ్రోయిన్ సందేశ ఆర్ఎన్ఏను వేరుచేశారు. ఒక జన్యువు పంపే సందేశాన్ని విడిగా పట్టి చూపిన తొలి పనుల్లో అదొకటి. ఆ తరం లెక్కల ప్రకారం నాలుగు రోజుల్లో జన్యువు ఒక్కో ప్రతి నుంచి పదివేల సందేశాలు వెలువడతాయి, ఒక్కో సందేశం నుంచి లక్ష ప్రోటీన్ అణువులు పుడతాయి. అంటే ఒక ప్రతికి వంద కోట్లు. ఇంత ఉత్పత్తిలోనూ వరస తప్పదు.

ఆ వరస ఏమిటో చూస్తే పొదుపు కనిపిస్తుంది. ఫైబ్రోయిన్ పెద్ద గొలుసులో 5,263 అమైనో ఆమ్లాలున్నాయి. వాటిలో నూటికి దాదాపు 46 గ్లైసిన్, 30 అలనిన్, 12 సెరీన్. ఉన్న ఇరవై రకాల్లో అన్నిటికన్నా చిన్నవీ, సాదావీ ఈ మూడే. చిన్నవి కాబట్టే గొలుసులు ఒకదాని పక్కన ఒకటి సందు లేకుండా ఒదిగి గట్టి పలకలుగా పేరుకుంటాయి. అలా పలకలు కట్టే భాగాలు గొలుసులో 12. వాటి మధ్య నీటికి అలవాటుపడిన 11 చిన్న ముక్కలు. ఈ ముక్కల వల్లే దారం వంగుతుంది, సాగుతుంది. గొలుసు రెండు చివరలూ వేరే రకం. గ్రంథిలో వెనుక నుంచి ముందుకు వచ్చేకొద్దీ క్షారగుణం తగ్గుతుంది, పీహెచ్ సుమారు 8 నుంచి 6 దగ్గరికి దిగుతుంది. ఆ మార్పును పసిగట్టి గొలుసులను ఒకదానితో ఒకటి జతపరిచేది ఈ చివరలే. అప్పటివరకూ నీటిలో పాకంలా ఉన్న ప్రోటీన్, సన్నని నాళంలో రాపిడికి లోనై, నీరు వదిలి, పురుగు తల తిప్పే లాగుడుకు దారమై బయటపడుతుంది. తల ఎనిమిది అంకె ఆకారంలో తిరుగుతూనే ఉంటుంది. రెండు మూడు రోజుల్లో మంచి బైవోల్టిన్ గూట్లో కిలోమీటరు పైచిలుకు పొడవున తెగని దారం.

కెవ్లార్ అనే కృత్రిమ పోగు తీయాలంటే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించాలి. పురుగు అదే తరహా పనిని నీటితో, షెడ్డు వేడిలో, ఆకు తిని చేస్తోంది. ఆ వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే చాలు. ఏడు వందల మీటర్లకు అటూ ఇటూ ఎత్తున్న కుప్పం, మదనపల్లె వైపు పడమటి మండలాల గాలి దీనికి బాగా పనికొచ్చింది. క్షయరోగులకు మేలని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం కట్టినదీ ఈ గాలి చూసే.

ఇప్పుడు మనిషి చేసే పని దగ్గరికి వద్దాం. పురుగు కట్టినదాన్ని విప్పడం, అదీ గొలుసు తెగకుండా విప్పడం. 2011లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కాప్లాన్ బృందం ఈ పద్ధతిని మెట్టు మెట్టుగా రాసి ప్రచురించింది. ప్రపంచంలో పట్టు మీద పనిచేసే ప్రయోగశాలలు దాదాపుగా ఆ దారినే పడుతున్నాయి. ఆ పత్రం చదువుతుంటే వంట తెలిసిన పెద్దావిడ పక్కన నిలబడి చెబుతున్నట్టుంటుంది.

కోసిన గూళ్లు 5 గ్రాములు. లోపలి ప్యూపాను తీసేసి, మురికి అంటిన ముక్కలను పారేసి, మిగిలినవి తీసుకోవాలి. 2 లీటర్ల నీటిలో 4.24 గ్రాముల సోడియం కార్బొనేట్, అంటే మనం చాకలి సోడా అనే పదార్థం శుద్ధమైన రూపంలో, వేసి మరిగించాలి. అందులో గూళ్లు 30 నిమిషాలు. బంక కరిగిపోతుంది, ఫైబ్రోయిన్ దూదిలా మిగులుతుంది. నీరుగట్టువారిపల్లెకు వచ్చే పట్టును సబ్బూ సోడా వేసి ఉడకబెట్టి బంక తీసే పని ఇదే. అక్కడ నిగారింపు కోసం తీస్తారు, ఇక్కడ ఒంటికి పడటం కోసం. బంకతో పాటు శరీరంలోకి వెళ్లిన పట్టు కొందరికి ఎలర్జీ తెచ్చిందని కుట్టుదారాల అనుభవం చెప్పింది. బంక తీసిన ఫైబ్రోయిన్‌ను శరీరం చాలా మేరకు సహిస్తుంది.

ముప్పై నిమిషాలు అన్నచోట ఆగాలి. ఉడికేకొద్దీ బంకే కాదు, ఫైబ్రోయిన్ గొలుసులూ తెగుతుంటాయి. అయిదు నిమిషాలు ఉడికించిన పట్టులో గొలుసులు పొడవుగా ఉంటాయి. అరవై నిమిషాలకు చిన్న ముక్కలవుతాయి. దాన్ని పొరపాటుగా చూడకుండా సాధనంగా మలచుకున్నారు. శరీరంలో ఎక్కువకాలం నిలవాల్సిన వస్తువుకు తక్కువసేపు, త్వరగా కరిగిపోవాల్సినదానికి ఎక్కువసేపు. పొయ్యి మీద గడిచే నిమిషాలే ఎముకలో గడిచే నెలలను తేలుస్తున్నాయి. గూటి నుంచి దారం తీసే రీలింగ్ బేసిన్ దగ్గర కూర్చున్న మనిషికి ఈ మాట వింతగా అనిపించదు. గూడు ఎక్కువ ఉడికితే పోగు చిక్కుపడుతుందనీ తక్కువ ఉడికితే కొస దొరకదనీ ఆ వేళ్లకు ఎప్పుడో తెలుసు.

దూదిలా మిగిలిన పట్టును కడిగి, రాత్రంతా ఆరబెట్టి, గాఢమైన లిథియం బ్రోమైడ్ ద్రావణంలో 60 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచాలి. ఇనుపతీగతో పోటీపడే దారం లేత బంగారు రంగు పాకంగా మారుతుంది. లిథియం బ్రోమైడ్ పలకల మధ్య బిగువును సడలిస్తుంది కానీ గొలుసు వెన్నెముకను తెంచదు. ఆ ఉప్పును ఎన్నుకోవడంలో ఉన్న తెలివి అది. తర్వాత ఆ పాకాన్ని సన్నరంధ్రాల పొర సంచిలో పోసి, శుద్ధమైన నీటిలో 48 గంటలు నానబెట్టి, నీరు మారుస్తూ ఉప్పును బయటికి లాగేయాలి. చివరికి మిగిలేది నూటికి ఏడెనిమిది పాళ్లు పట్టు ఉన్న నీరు. అచ్చం గ్రంథిలో ఉన్నదాని పలచని రూపం.

ఇక్కడొక జాగ్రత్త ఉంది. ఆ పట్టునీరు పోసిన సీసాను కుదపకూడదు. కుదిపితే గడ్డకడుతుంది. నాళంలో రాపిడికి ఎలా దారమైందో సీసాలోనూ గొలుసులకు ఆ గుణం పోలేదు. కరిగించి, ఉప్పులో నానబెట్టి, కడిగినా వాటిలోని వరస చెక్కుచెదరలేదు. ఈ కథంతటిలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది అదే. మనిషి చేసినదల్లా పురుగు కట్టిన పలకలను విడదీయడం. మళ్లీ ఎప్పుడు, ఏ ఆకారంలో పలకలు కట్టాలో ఇప్పుడు మనిషి నిర్ణయిస్తాడు.

స్పంజి చేసే విధానం చూడండి. మామూలు ఉప్పును జల్లెడ పట్టి, 500 నుంచి 600 మైక్రాన్ల రవ్వను వేరుచేస్తారు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. అచ్చులో 2 మిల్లీలీటర్ల పట్టునీరు పోసి, పైన 4 గ్రాముల ఉప్పు మెల్లగా చల్లుతారు. ఒకటి రెండు రోజులు కదపరు. ఉప్పు సమక్షంలో పట్టు గట్టిపడుతుంది. తర్వాత నీటిలో వేస్తే ఉప్పు కరిగిపోయి, ఉప్పు రవ్వలున్న చోటల్లా గదులు మిగులుతాయి. ఎముక కణాలూ రక్తనాళాలూ ఆ గదుల్లోకి వచ్చి కాపురం పెడతాయి. గది కొలతను తేల్చింది జల్లెడ కన్ను. ఇంత సూక్ష్మమైన పనికి వంటింటి ఉప్పే పనిముట్టు కావడం చూస్తే మంచి పనివాడు ఖరీదైన సాధనాల కోసం ఎదురుచూడడనిపిస్తుంది.

వైద్యంలో పట్టు కొత్తది కాదు. కుట్లకు పట్టుదారం శతాబ్దాలుగా వాడుతున్నారు. నల్లని పట్టుదారపు కుట్టు నేటికీ మన ఆసుపత్రుల్లో కనిపిస్తుంది. ముడి జారదు కాబట్టి శస్త్రవైద్యుల చేతికి అది ఇష్టం. 2002లో గ్రెగరీ ఆల్ట్‌మన్, కాప్లాన్ మోకాలి లోపలి లిగమెంటుకు బదులుగా పట్టుతాడు పేనారు. పోగులు కలిపి కట్టగా, కట్టలు కలిపి పురిగా, పురులు కలిపి తాడుగా, ఆరు తాళ్లు పక్కపక్కన. మెట్టుకొక దిక్కున పురి ఎక్కించారు, విప్పుకోకుండా. ఎముక మీది లిగమెంటు ఎంత లాగితే ఎంత సాగుతుందో తాడూ అంతే సాగేలా పురి లెక్క కట్టారు. మగ్గానికి పట్టును పురి పట్టే కార్ఖానాల్లో పనిచేసేవాళ్లు ఆ పత్రంలోని బొమ్మను చూస్తే వెంటనే గుర్తుపడతారు. ఆ దారిలోనే పట్టుతో అల్లిన వల ఒకటి, సెరి అనే పేరుతో, అమెరికా నియంత్రణ సంస్థ అనుమతి పొంది శస్త్రచికిత్సల్లోకి వచ్చింది. 2014లో పట్టును గట్టి దిమ్మెగా చేసి, లేతు మిషన్ మీద మరలు చెక్కి, ఎలుకల ఎముకల్లో బిగించి చూశారు. లోహపు మరను మళ్లీ కోసి తీయాల్సి వస్తుంది. పట్టు మర నెమ్మదిగా ఒంట్లో కలిసిపోతుంది.

మన ఎండలకు మరీ పనికొచ్చే ఫలితం 2012లో వచ్చింది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకాను పట్టు పొరలో ఇమిడ్చి ఆరబెట్టి, 45 డిగ్రీల వేడిలో ఆరు నెలలు ఉంచారు. టీకా బలంలో నూటికి సుమారు 85 పాళ్లు నిలిచింది. పలకలుగా ఒదిగిన గొలుసుల మధ్య టీకా ప్రోటీన్‌కు కదిలే చోటు లేక, విప్పుకుపోయే వీల్లేక అలాగే ఉండిపోయింది. ఫ్రిజ్ లేని ఉపకేంద్రాలున్న దేశానికి ఇది చిన్న మాట కాదు. ఈ రంగంలో అన్నిటికన్నా ముందు దీని మీద డబ్బూ శ్రద్ధా పెట్టాలని నా అభిప్రాయం.

ఇక గుడ్డు దగ్గరి పని. అది మరీ సున్నితం.

పట్టుపురుగు గుడ్డు ఆవగింజ కన్నా చిన్నది, పెంకు గట్టిది. గుడ్డు పెట్టిన కొద్ది గంటల్లోపు, లోపలి కేంద్రకాలు ఇంకా కణాలుగా గోడలు కట్టుకోకముందే సూది దింపాలి. గంటలు దాటితే వేసిన జన్యువు పుట్టబోయే తరాలకు అందదు. గుడ్లను గాజుపలక మీద ఒకే దిక్కుకు వరసగా అతికిస్తారు. ముందు టంగ్‌స్టన్ సూదితో పెంకుకు రంధ్రం చేస్తారు. అదే రంధ్రంలోంచి వెంట్రుక కన్నా సన్నగా సాగదీసిన గాజు గొట్టం దింపి, డీఎన్ఏ కలిపిన ద్రవాన్ని చుక్కలో చిన్న అంశంగా వదులుతారు. వెంటనే రంధ్రాన్ని జిగురుతో మూసేస్తారు. ఫెవిక్విక్ లాంటి జిగురే. ఇలా వందల గుడ్లకు చేస్తే కొన్ని పొదుగుతాయి. వాటి సంతానంలో కొన్నిటికే జన్యువు అంటుతుంది. అంటినదాన్ని గుర్తుపట్టడానికి కళ్లలో వెలిగే ఒక గుర్తు జన్యువును జతచేస్తారు. పొదగబోయే గుడ్డును సూక్ష్మదర్శినిలో ప్రత్యేకమైన వెలుతురు కింద పెడితే, పెంకు లోపలి పిల్లపురుగు కళ్లు పచ్చగానో ఎర్రగానో మెరుస్తాయి. గుడ్డులోకి సూదితో జన్యువు ఎక్కించే ఈ పనిని 2000లో జపాన్‌లో తోషికి తమురా బృందం సాధించింది.

ఆ డీఎన్ఏను పురుగు జన్యుపటంలో అతికించే వాహకం పేరు పిగ్గీబ్యాక్. దాని పుట్టుక ముచ్చటైనది. అమెరికాలో మాల్కమ్ ఫ్రేజర్ ఒక చిమ్మెట కణాల్లో బాక్యులోవైరస్‌ను పెంచుతుండగా, చిమ్మెట జన్యుపటంలోంచి ఒక ముక్క ఎగిరి వైరస్‌లో వచ్చి కూర్చోవడం గమనించారు. అలా ఎగిరి కూర్చునే ముక్కనే తర్వాత వాహకంగా మలిచారు. మన షెడ్లలో పాలుకారు రోగం తెచ్చేదీ బాక్యులోవైరస్ జాతిదే.

పాలుకారు రోగం పేరు చెబితే పడమటి మండలాల్లో పట్టు రైతు ముఖం మారుతుంది. పురుగు కణుపులు ఉబ్బుతాయి, చర్మం పగిలి పాలలాంటి ద్రవం కారుతుంది, ఆ ద్రవం పడిన ఆకు తిన్న ప్రతి పురుగుకూ అంటుతుంది. వచ్చాక మందు లేదు. బ్లీచింగ్, సున్నం, విజేత పొడి, శుభ్రత, ఇవన్నీ రాకుండా చూసుకోవడానికే. ఈ రోగం మీద గట్టిగా పట్టుబట్టినవారు హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో పనిచేసిన జె. నాగరాజు. పట్టుపురుగు జన్యుశాస్త్రంలో ప్రపంచం గుర్తించిన పరిశోధకుడు. ఆయన బృందం ఎంచుకున్న సాధనం ఆర్ఎన్ఏ జోక్యం, 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో వెలుగులోకి తెచ్చినది. కణంలో జంటపోగు ఆర్ఎన్ఏ కనిపిస్తే, కణమే దాన్ని ముక్కలు చేసి, ఆ వరసే ఉన్న సందేశాలన్నిటినీ వెతికి నరికేస్తుంది. వైరస్ ప్రాణం నిలిపే జన్యువుల వరసను పురుగులో జంటపోగు రూపంలో రాయించి పెడితే, వైరస్ వచ్చి నోరు తెరిచే లోపే దాని మాట నరికేయవచ్చు.

2007లో ఒక వైరస్ జన్యువును గురిపెట్టి వాళ్లు ఫలితం చూపారు. వైరస్ పని ఆలస్యమైంది, పూర్తిగా ఆగలేదు. అప్పుడు ఒకటికి బదులు పలు కీలక జన్యువులను ఒకేసారి గురిపెట్టారు. రక్షణ బాగా పెరిగింది. ఆ పనిలో హిందూపురం దగ్గర కిరికెరలోని రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ, ఫ్రాన్స్‌లోని లియాన్ శాస్త్రవేత్తలూ పాలుపంచుకున్నారు. నాకు నచ్చింది తర్వాతి మెట్టు. ప్రయోగశాలలో పెరిగే పురుగుకు రక్షణ వస్తే రైతుకు ఏం లాభం? అందుకని ఆ గుణాన్ని దిగుబడి ఎక్కువిచ్చే వాణిజ్య జాతిలోకి తరం తర్వాత తరం సంకరం చేసి ఎక్కించారు. ప్రతి తరంలోనూ మెరిసే కళ్లున్న పిల్లలనే ఉంచుకుంటూ, దారం పొడవు తగ్గలేదని సరిచూసుకుంటూ. ఇది సూదిమొన పనికన్నా ఓర్పు ఎక్కువ కావలసిన పని. ఆ పత్రం 2013 జనవరి జెనెటిక్స్ సంచికలో అచ్చయ్యింది. నాగరాజు 2012 చివర్లోనే కన్నుమూశారు. ఆ పురుగు మన షెడ్లకు రాలేదు. జపాన్‌లో మాత్రం 2017 నుంచి గున్మా రైతులు పచ్చగా మెరిసే పట్టునిచ్చే జన్యుమార్పిడి పురుగులను అనుమతితో పెంచుతున్నారు.

పురుగు గ్రంథినే మందుల కర్మాగారంగా మార్చాలన్న ఆలోచన 2003లోనే ఫలించింది. మనిషి కొలాజెన్ ముక్కను గూట్లో దారంతో పాటు నేసేలా పురుగును మలిచారు. 2012లో సాలీడు దారపు జన్యువును పురుగులో పెట్టిన బృందంలో పిగ్గీబ్యాక్‌ను గమనించిన ఫ్రేజర్ ఒకరు. 2023లో చైనాలోని డోంగ్‌హువా విశ్వవిద్యాలయం క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో సాలీడు పట్టు జన్యువును పురుగులో అమర్చి, కెవ్లార్ కన్నా ఆరు రెట్లు గట్టితనమున్న పోగు తీసింది. పత్రికల్లో పెద్దగా వచ్చింది. పని గొప్పదే. అయితే మనిషి మోకాలికి కెవ్లార్‌ను మించిన గట్టితనం అక్కర్లేదు. దానికి కావలసింది తన బలంతో సరితూగే తాడు, తన కణాలు పట్టుకుని పెరిగే చోటు. గొప్ప సంఖ్య కన్నా సరైన సంఖ్యను వెతికే పనివాళ్లే నాకు ఎక్కువ ఇష్టం.

జన్యుమార్పు పరిమితి కూడా ఈ ప్రయోగాల్లోనే తెలిసింది. ఫైబ్రోయిన్ పెద్ద గొలుసు జన్యువును పూర్తిగా కత్తిరించి చూస్తే గూట్లో ఫైబ్రోయిన్ ఉండదు, పలచని బంక గూడు మాత్రం మిగులుతుంది. గ్రంథి వెనుక భాగం కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ గ్రంథిలో వేరే ప్రోటీన్ చేయించుకోవచ్చని కొందరు ఉత్సాహపడ్డారు, నిజమే. కానీ గొలుసు లేనిదే గ్రంథి కూడా గ్రంథిగా నిలవలేదన్న సంగతి అంతకన్నా విలువైనదని నా లెక్క.

కొన్నిసార్లు మార్చనక్కరలేదు, వెతికితే చాలు. కణాలు ఒక ఉపరితలానికి అతుక్కోవాలంటే ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడక్షరాల వరస కొక్కెంలా పనికొస్తుంది. మల్బరీ పట్టులో అది లేదు. ప్రయోగశాలలో దాన్ని రసాయనంతో అతికించాల్సి వస్తుంది. మద్దిచెట్ల మీద పెరిగే దసలి పట్టులో ఆ కొక్కెం పుట్టుకతోనే ఉంది. తెలంగాణలో మహదేవపూర్ అడవుల్లో గిరిజన కుటుంబాలు తీసే గూడు అది. ఖరగ్‌పూర్ ఐఐటీలో సుభాష్ కుందు బృందం ఏళ్ల తరబడి ఈ అడవి పట్టుల మీద పనిచేసి వాటి సత్తాను చూపింది. అయితే దసలి గూడు అంత సులభంగా కరగదు. అందుకని వాళ్లు గూడును వదిలి, పండిన పురుగు గ్రంథి నుంచే ప్రోటీన్‌ను తీసే దారి పట్టారు.

వెతకడమే కాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమూ ఒక పనే. పుంగనూరు పేరు వింటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పొట్టి ఆవు. ఆ జాతిని పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం కాపాడుకుంటూ వచ్చింది. పిండాన్ని బయట తయారుచేసి వేరే ఆవు గర్భంలో పెట్టే విద్య ఇప్పుడు ఈ జాతి పెంపకానికీ అందింది. ఇక్కడి జన్యు పనిముట్టు దేన్నీ మార్చదు, ఉన్నదాన్ని పోకుండా చూస్తుంది. పట్టు జాతులకూ ఇది వర్తించాలి. కొత్త సంకరాల దిగుబడికి మురిసిపోయి మైసూరు పసుపు గూటి జాతిలాంటి పాతవాటిని వదిలేస్తే, ఏ గొలుసులో ఏ గుణముందో చూసుకోవడానికి తర్వాత మన దగ్గర ఏమీ మిగలదు.

ఇప్పటికి ఈ మండలాల గూళ్లు ఎక్కువగా హిందూపురం, రామనగరం, శిడ్లఘట్ట మార్కెట్లకు వెళ్తాయి. ధర పలికేది గూడు రంగు, గట్టితనం, జంట గూళ్లు ఎన్ని, దారం ఎంత పొడవు వస్తుంది అన్న లెక్కల మీద. వైద్యానికి పట్టు చేసేవాళ్లకు దారం పొడవుతో పనిలేదు, ఎలాగూ కరిగిస్తారు. గుడ్ల తయారీ కేంద్రాల్లో ఆడా మగా వేరుచేయడానికి కోసి పక్కనపెట్టే గూళ్లే వాళ్లకు సరిపోతాయి. ఇవాళ అవి రద్దు సరుకు ధరకు పోతున్నాయి. వాళ్లు అడిగే లెక్కలు వేరు. ఏ జాతి గుడ్లు, ఏ నెల పంట, గూళ్లను ఏ వేడిలో ఆరబెట్టారు, షెడ్డులో ఏ పొడి చల్లారు, పక్క చేలో టమాటాకు కొట్టిన పురుగుమందు ఆకు మీద పడిందా. పడమటి మండలాల్లో ఈ చివరి ప్రశ్న మామూలుది కాదు. టమాటా చేనూ మల్బరీ తోటా ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. పురుగు చావకపోయినా ఆ అవశేషం పట్టులో చేరిందేమో చూడకుండా ఏ శస్త్రవైద్యుడూ దాన్ని ఒంట్లో పెట్టడు. బెంగళూరులో పట్టు ప్రోటీన్‌తో గాయాల పట్టీలు తయారుచేసే ఫైబ్రోహీల్ లాంటి సంస్థలు ఇప్పటికే ఉన్నాయి. బెంగళూరు కుప్పం నుంచి రైల్లో వెళ్లివచ్చే దూరమే. గూడుకు ఈ లెక్కల చీటీ జతచేయగలిగిన రైతు సంఘం మన దగ్గర ఒకటి తయారైతే, కోసిన గూటికి రద్దు ధర కట్టే రోజులు మారతాయి.